నొప్పికి వాటాదారులు

బులుసు త్రివిక్రమరావు సంతకం పడకపోతే ఆ రోజుల్లో సూదిమందుకి కూడా బీమా డబ్బు రాలేది కాదు. కొత్త వైద్య యంత్రం ఏది పుట్టినా, దానికి జనం ఆరోగ్య బీమా లోంచి డబ్బు కట్టాలా వద్దా అని తేల్చే మూల్యాంకన మండలి ఒకటి విశాఖపట్నంలో ఉండేది. ఆ మండలికి ఆయన ముఖ్య పరీక్షకుడు.

ఆయన ముందుకి రాని విడ్డూరం లేదు. గురకని వీణానాదంగా మార్చే దిండు ఒకటి వచ్చింది. దాన్ని వాడినవాడు హాయిగానే పడుకున్నాడు గానీ, పక్కవాటాలో వాళ్ళు తలుపు కొట్టి ఈ రాగం చాలించి ఇంకోటి అందుకోమనడం మొదలెట్టారు. త్రివిక్రమరావు వద్దన్నాడు. కడుపులో బిడ్డ పెద్దయ్యాక ఏ ఉద్యోగం చేస్తుందో చెప్పే స్కానింగు వచ్చింది. ఆయన దాన్ని తన పొట్ట మీదే పెట్టించుకున్నాడు. తహసీల్దారు పుడతాడని చెప్పింది. వద్దన్నాడు. కూర్చున్నవాడి బట్టతలని వేలితో తడితే బీపీ, షుగరు, నెలజీతం చెప్పేసే కుర్చీ వచ్చింది. జీతం సరిగ్గానే చెప్పింది. అయినా వద్దన్నాడు.

ఆయన కొలబద్ద పేరు ఊరట పాయింటు. యంత్రం రాకముందు ఎంత బాధ ఉంది, వచ్చాక ఎంత మిగిలింది, తగ్గినదానికి ఎంత ఖర్చయింది. ఇంతే లెక్క. ఈ లెక్కతో ఎందరో మాయగాళ్ళని గుమ్మంలోంచే వెనక్కి పంపాడు. ఆ మిగిలిన సొమ్ముతో మన్యం దాకా డయాలసిస్ మంచాలు వెళ్ళాయి. అందుకే తన కొలబద్ద మీద ఆయనకి, కొడుకు మీద ఉన్నంత మమకారం. కొడుకు లేడు గనక ఆ మమకారం కూడా దీనికే చేరింది.

అలాంటివాడి దగ్గరికి డాక్టర్ హుమేరా వచ్చింది.

హుమేరా నరాల శాస్త్రవేత్త. మనిషి బక్కపల్చన, మాట మాత్రం గట్టి. ఆమె తన ప్రయోగశాలకి త్రివిక్రమరావుని పిలిపించి మంచం మీద ఉన్న ఒక మనిషిని చూపించింది. పేరు గనగళ్ళ చినతల్లి. భీమిలి దాటాక వచ్చే గుల్లలపేట అనే జాలరిపల్లె. కెరటం విరిగి పడవ బోల్తాపడితే, పడవ అంచు ఆమె నడుం మీద పడింది. ఎముక అతికింది గానీ నలిగిన నరం అతకలేదు. అప్పటినుంచి నొప్పి అలలు అలలుగా వస్తుంది. మందు వేస్తే మనిషి నిద్రలోకి వెళ్ళేది, నొప్పి మాత్రం మెలకువగానే ఉండేది.

చినతల్లి నడుముకి వెడల్పాటి పట్టీ కట్టి ఉంది. పక్క బెంచీ మీద నలుగురు ప్రయోగశాల కుర్రాళ్ళు కూర్చున్నారు. తలో చేతికీ ఒక కడియం.

"ఇప్పుడు చూడండి సార్," అంది హుమేరా.

అల వచ్చింది. చినతల్లి మంచం పట్టె పట్టుకుని విల్లులా వంగిపోయింది. మీటరు ముల్లు చివరికంటా కొట్టుకుంది. హుమేరా మీట నొక్కింది. బెంచీ మీద నలుగురూ ఒక్కసారే పళ్ళు బిగించి, నాలుగు రకాల బూతులు నోట్లోనే మింగేశారు. చినతల్లి మెల్లగా లేచి కూర్చుని చెదిరిన జుట్టు ముడేసుకుంది.

"టీ తాగుతాన్రా బాబూ, ఎవులైనా ఇయ్యండి," అంది.

త్రివిక్రమరావు అటు చూడలేదు. మీటర్లే చూశాడు. ఆమెకి తగ్గినది ఎంతో, ఆ నలుగురికీ పెరిగినది కలిపితే అంతే. వీసం తేడా లేదు.

"అమ్మా, ఇది వైద్యం కాదు," అన్నాడు. "రవాణా."

"నొప్పిని మాయం చేసే విద్య నాకు తెలీదు సార్. నరంలో బయల్దేరింది ఎక్కడో ఒకచోట దిగాలి. ఎవరూ పుచ్చుకోకపోతే తిరిగి ఆమెకే వెళ్తుంది. నేను చేసిందల్లా దాన్ని ముక్కలు చెయ్యడం."

"ముక్కలన్నీ కలిపితే మళ్ళీ అదే కదా. ఊరట సున్నా."

"వీళ్ళు జీతానికి కూర్చున్నారు సార్. ఊళ్ళో చూసి రాయండి. మీరు కాదంటే ఈ యంత్రాన్ని చేసేవాడు ఉండడు. మండలి కాదన్న యంత్రం ఎవరూ వాడకూడదు గనక ఉన్న ఈ ఒక్కటీ మీ గోడౌన్లోకి పోతుంది. ఆవిడ మళ్ళీ ఇందాకటిలాగే అయిపోతుంది."

చూడకుండా కాదనడం త్రివిక్రమరావు చరిత్రలో లేదు. సరే అన్నాడు.

*

చేపల గుంపుని వాసనపట్టి వాటంతట అవే వెళ్ళే పడవలు వచ్చిన రోజులవి. అయినా గుల్లలపేట వాళ్ళు ఒడ్డున నిలబడి పెద్దవల లాగడం మానలేదు. పడవ మీద వల తీసుకెళ్ళి సముద్రంలో సగం చుట్టు తిప్పి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెస్తారు. ఇటు ఒక వరస, అటు ఒక వరస, ఆడా మగా కలిసి లాగుతారు.

త్రివిక్రమరావు బూట్లు చేతిలో పట్టుకుని ఇసుకలో నిలబడి ఈ తమాషా చూస్తున్నాడు. తాడు కొసన ఒక ముసలాయన, ఆయన ముందు ఒక ముసలామె ఉన్నారు. ఆయన తెడ్డు పోలయ్య, ఆమె ఆయన పెళ్ళాం అసిరమ్మ.

"ఏటి బాబూ, పెళ్ళికొచ్చినట్టు సూత్తా నిలబడ్డావు?" అంది అసిరమ్మ. "ఆ బూట్లేటి కరుత్తాయా? కిందెట్టి సెయ్యెయ్యి."

మొహమాటానికి ఆయన చెయ్యి వేశాడు. వేసినవాడు వదలడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. వల ఒడ్డుకి చేరేసరికి అరచేతులు మండుతున్నాయి, పోలయ్య మాటలకి నవ్వలేక పొట్ట నొప్పెడుతోంది. తన చిన్నప్పుడు ఈ వల్లోనే ఓ తిమింగలం పడిందనీ, అది తనని చూసి సిగ్గుపడి వల విప్పించుకుని వెళ్ళిపోయిందనీ ఆయన ఒట్టేసి చెప్పాడు.

కుప్ప పోసిన చేపలని వలకి పెద్ద అయిన ఎల్లాజీ వాటాలు వేశాడు. ఈ ఎల్లాజీ చినతల్లికి అన్న. ఆకులో చుట్టిన కవ్వళ్ళ చేపలు తెచ్చి త్రివిక్రమరావు చేతిలో పెట్టాడు.

"నాకొద్దయ్యా. మేము తినం."

"తిను, తినకపో. తాడు ముట్టినోడికి వాటా ఉన్నాది. ఒద్దంటే వలకి అవమానం."

యంత్రం ఉన్నది తుఫాను షెల్టరు హాల్లో. చినతల్లి గోడకి ఆనుకుని వల కుట్టుకుంటోంది. చుట్టూ చాపల మీద పదిమంది, చేతులకి కడియాలు. వంతులవారీగా వస్తారట. ఒకరు బియ్యం ఏరుతున్నారు, ఒకరు బీడీ కాలుస్తున్నారు. పోలయ్య కూడా తువ్వాలు చేతికి చుట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. అల వచ్చింది. బియ్యం ఏరే చెయ్యి ఆగింది. బీడీ కొస ఎర్రబడింది. చినతల్లి "వొచ్చీసినాది" అని సూది కిందపెట్టి, ఓ నిమిషం కళ్ళు మూసుకుని మళ్ళీ తీసుకుంది. అంతే.

"పర్లేదు, ఇయ్యాల సిన్నదే," అన్నాడు పోలయ్య. "మాయావిడ గిచ్చితే ఇంతకన్నా ఎక్కువ."

త్రివిక్రమరావు మీటర్లన్నీ చూసి కూడాడు. మొత్తం మారలేదు. సున్నాయే.

"తాడు లాగినావు గదా బాబూ," అన్నాడు ఎల్లాజీ కడియం ఒకటి చూపిస్తూ. "నీకూ ఒంతు ఏసీమంటావా?"

"పరీక్షించేవాడు పరీక్షలో ఉన్న యంత్రాన్ని ఒంటి మీద పెట్టుకోకూడదు. పెట్టుకున్న రోజే ఉద్యోగం పోతుంది."

"అయితే పెట్టుకోకు బాబూ. పిల్లలుగల్లోడివి," అన్నాడు పోలయ్య.

పిల్లలు లేరని ఆయన చెప్పలేదు. ఆకు పొట్లంతో బస్సెక్కాడు. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు.

ఇంట్లో ఆయన భార్య సౌదామిని ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ముప్ఫై ఏళ్ళ కాపురంలో మల్లెపూలు తేలేదు. తెచ్చిన మొదటి పొట్లం ఇదా," అని, దాన్ని కర్రతో ఎత్తి కింద వాటా వాళ్ళకి ఇచ్చేసి వచ్చింది.

*

వారం తిరక్కుండా హుమేరా ఫోను చేసింది. పోలయ్య పోయాడు.

ముసలివాళ్ళకీ గుండె నీరసం ఉన్నవాళ్ళకీ కడియం వెయ్యకూడదన్నది హుమేరా పెట్టిన మొదటి షరతు. పోలయ్యకి రెండూ ఉన్నాయి. కానీ ఆ ఊళ్ళో తాడు మీద చెయ్యి వేసినవాణ్ణి వెళ్ళిపొమ్మనడం పుట్టి బుద్ధెరిగి ఎవరూ చెయ్యలేదు. ఆయన వచ్చి చెయ్యి చాపితే ఎల్లాజీ కాదనలేక, మనవడి పేరు మీద కడియం వేశాడు. తువ్వాలు కింద ఉన్నది అదే. మధ్యాహ్నం పెద్ద అల ఒకటి వచ్చింది. అందరూ పళ్ళు బిగించి విడిచారు. పోలయ్య విడవలేదు.

త్రివిక్రమరావు వెళ్ళేసరికి షెల్టరు బయట ఊరంతా ఉంది. లోపల చినతల్లి నడుం పట్టీ విప్పి గోడకేసి కొట్టింది. నేల మీద పడి మెలికలు తిరుగుతోంది. ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు.

"నా నొప్పి నాకిచ్చీండి. ఓ పేణం తినీసినాను. ఇంక ఒద్దు."

"ఆ నొప్పే తోసింది సార్," అంది హుమేరా మెల్లిగా. "ఇవాళ కాకపోతే రేపు ఆగే గుండే. కానీ తోసింది ఇదే. నేను దాచను."

ఎల్లాజీ గుమ్మం బయటే ఇసుకలో కూర్చుని రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

అప్పుడు అసిరమ్మ వచ్చింది. తలస్నానం తడి ఇంకా ఆరలేదు. పీట మీద ఉన్న కడియాల్లోంచి పోలయ్యది ఏదో అడిగి తీసుకుంది. చెయ్యి దూర్చి బిగించుకుంది.

"ఏటే ఇది అప్పా, తీసీ," అంది చినతల్లి.

"నానెందుకు తీత్తాను? వల కాలంలో మడిసి పోతే ఆ కాలం అయ్యేదాకా ఆడి వాటా ఎవులికి ఎల్తాది?"

అసిరమ్మ గుమ్మం వైపు తిరిగింది.

"ఒరే ఎల్లాజీ, నిన్నే. ఎవులికి ఎల్తాది?"

"ఆలింటికి," అన్నాడు ఎల్లాజీ తల ఎత్తకుండా.

"సేపలైతే ఇంటికి తెచ్చి ఇచ్చీవోడివే గదా. మరిది కూడా ఆడి వాటాయే. నాకిచ్చీ." చినతల్లి పక్కన కూలబడి ఆమె తల ఒళ్ళోకి లాక్కుంది. "నివ్వు సంపలేదే. ఆడు సచ్చేదాకా తాడు ఒదల్లేదు, అంతే. సముద్రంలో మన మగోలు ఎంతమంది పోనారు. వలలు కాల్చీసినామా?"

వయసు మీరినా అసిరమ్మ గుండె గట్టిదేనని హుమేరా పరీక్షించి తేల్చాక పట్టీ మళ్ళీ కట్టారు. చినతల్లి ఏడుస్తూనే కట్టించుకుంది.

త్రివిక్రమరావు ఎల్లాజీ వైపు తిరిగాడు. "ఇకమీదట డాక్టరమ్మ గుండె చూసి సరేనంటేనే కడియం. ఆ మాట నాకివ్వాలి."

"ఒచ్చినోడిని పొమ్మనడం మాకు సేతకాదు బాబూ," అన్నాడు ఎల్లాజీ.

"పొమ్మనకురా," అంది అసిరమ్మ. "వలకాడ వంటోడు తాడు ముడతాడా? ఆడికి వాటా నేదా? గుండెలో బలం నేనోడిని టీ కాయమను. అదీ వాటాయే."

*

ఆ సాయంత్రం త్రివిక్రమరావు కంచంలో అన్నం అలాగే ఉండిపోయింది.

"ఏం రాశారు?" అంది సౌదామిని.

"మైనస్. సున్నాలోంచి ఒక ప్రాణం తీసేస్తే వచ్చేది అదే. ఉన్నది ఉన్నట్టు రాశాను."

"అబద్ధం రాయమని ఎవరన్నారు. ఆ అంకె పక్కన ఇంకో మాట రాయడానికి చోటు లేదా?"

"లేదు. ఆ పట్టిక తయారుచేసింది నేనే. మాటలకి చోటుంటే అమ్ముకునేవాళ్ళు కవిత్వాలు రాస్తారని ఉంచలేదు."

సౌదామిని మజ్జిగ పోసింది. "మా నాన్న ఆపరేషన్‌కి బీమా డబ్బిచ్చినప్పుడు గుర్తుందా. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కట్టిన డబ్బు. వాళ్ళకేం ఒరిగిందని ఏ పట్టికలో వేసుకున్నారు?"

ఆయన చెయ్యి మజ్జిగన్నంలోనే ఆగిపోయింది. "చెయ్యి ఎండిపోతోంది, కలుపుకోండి," అని ఆమె రెండుసార్లు అనాల్సి వచ్చింది.

*

మండలి విచారణ రోజున గుల్లలపేట వాళ్ళు వ్యానులో వచ్చారు. చినతల్లిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. గుమ్మం దగ్గర సెక్యూరిటీవాడు లోహం ఏదైనా లోపలికి వెళ్ళకూడదంటూ అందరి చేతుల కడియాలూ ఊడబీకించి ప్లాస్టిక్ పళ్ళెంలో పోశాడు. హుమేరా ఎంత చెప్పినా వినలేదు. చివరికి పళ్ళెం తెచ్చి అధ్యక్షుడి బల్ల మీద పెట్టాడు.

అధ్యక్షుడు విజయగోపాలరాజు పెద్దమనిషి. చెడ్డవాడు కాదు. నివేదిక చదివి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఊరట లేదు. పైగా ఒక మనిషి పోయాడు. త్రివిక్రమరావు గారూ, ఈ అంకెలు మీవే కదా?"

"నావే. ఒక్క అంకె కూడా తప్పు కాదు."

"అయితే ఇంకేముంది. ఒకరి నొప్పి పదిమందికి పంచడానికి ప్రజల సొమ్ము ఎలా ఇస్తాం? మొత్తం నష్టం పైసా అయినా తగ్గలేదు కదా."

త్రివిక్రమరావు లేచాడు. ఎప్పుడూ కూర్చునే మాట్లాడే మనిషి లేచేసరికి సభ్యులంతా తలెత్తారు.

"రాజుగారూ, కిందటేడు మీ చెల్లెలుగారి గుండెకి బీమా డబ్బు కట్టింది. ఆ ఖర్చు ఎక్కడికి పోయింది? మాయమైందా? లక్షల ఇళ్ళ మీద చిల్లరగా పడింది. మొత్తం పైసా తగ్గలేదు. బీమా అనేది నష్టాన్ని తగ్గించేది కాదు. ఒక ఇల్లు కూలకుండా పది ఇళ్ళు తలో ఇటుకా మోసేది. అదే పని ఈ కడియం నొప్పితో చేస్తోంది. ఇది సున్నా అయితే మన బీమా కూడా సున్నాయే. ముందు ఈ మండలికి తాళం వేద్దాం పదండి."

రాజుగారు నివేదికలో ఆఖరి పేజీ తిప్పాడు.

"పోలయ్య సంగతి?" అన్నాడు రాజుగారు.

"ఆయన పేరు మీ పట్టికలో మైనస్ ఒకటి. గుండె చూడకుండా కడియం వేశారు, అది తప్పు, అదిప్పుడు ఆగింది. కానీ ఆయన చెయ్యి ఆయనే చాపాడు. ఆ చాపడం ఏ గడిలో వేస్తారు?"

"నన్నడిగితే ఏ గడీ లేదు. పట్టిక మీరు చేసిందే."

"నేనే చేశాను. మాయగాళ్ళని పట్టుకోవడానికి చేశాను. వీళ్ళు మాయగాళ్ళు కారు."

రాజుగారు సభ్యులతో గుసగుసలాడాడు. మాటలు బాగానే ఉన్నాయిగానీ నియమం నియమమే అని అందరూ ఒప్పుకున్నారు. బీమా లేదు. యంత్రాన్ని ఇప్పుడే, ఇక్కడే స్వాధీనం చేసుకుని గోడౌన్‌కి పంపాలి. టెక్నీషియన్ పెట్టె తెరిచి చినతల్లి నడుం పట్టీ వైపు చెయ్యి చాపాడు.

అప్పుడే అల వచ్చింది.

కడియాలన్నీ పళ్ళెంలో ఉన్నాయి. పుచ్చుకునే చెయ్యి ఒక్కటీ లేదు. చినతల్లి కుర్చీలోంచి జారి ఆ మెరిసే నేల మీద పడి విల్లులా వంగిపోయింది. ఆమె గొంతులోంచి వచ్చినదాన్ని ఏడుపు అనలేం, అరుపూ అనలేం. మండలి సభ్యులు ఇన్నేళ్ళుగా దాన్ని అంకెల్లోనే చదివారు. ఒకాయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ఎల్లాజీ, మిగతావాళ్ళు ముందుకి ఉరికారు. సెక్యూరిటీవాడు అడ్డం నిలబడ్డాడు.

అందరికన్నా పళ్ళేనికి దగ్గరగా ఉన్నది త్రివిక్రమరావు. మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. కడియం ఒకటి అందుకున్నాడు.

"త్రివిక్రమరావు గారూ, అది పెట్టుకుంటే మీరిక ఈ మండలిలో ఉండరు," అన్నాడు రాజుగారు.

"తెలుసు. ఆ నిబంధనా నేనే రాశాను."

బిగించుకున్నాడు. మొదటి నొప్పి మొత్తం ఆయన మీదే పడింది. మోకాళ్ళు రెండూ ఒకేసారి నేలకి తగిలాయి. కళ్ళజోడు ఎటో ఎగిరిపోయింది. సెక్యూరిటీవాడు ఆయన్ని లేపబోయి పక్కకి తప్పుకున్నాడు. ఆ సందులోంచి అసిరమ్మ దూరింది. తన కడియం తను వేసుకుంది. ఎల్లాజీ వేసుకున్నాడు. తరవాత ఇంకొకరు, ఇంకొకరు. ఒక్కొక్క చెయ్యీ దూరేకొద్దీ త్రివిక్రమరావుకి ముందు ఊపిరి అందింది, తరవాత చూపు ఆనింది, ఆఖరికి మణికట్టు దగ్గర ఏదో గట్టిగా కరిచి పట్టుకున్నట్టు మాత్రం మిగిలింది. హుమేరా కూడా ఒకటి వేసుకుంది.

"పళ్ళు బిగించకు బాబూ, దవడలు నొప్పెడతాయి," అంది అసిరమ్మ పక్కనుంచి. "తాడు లాగినట్టు నడుం బిగించు. అలగ."

చినతల్లి నేల మీదే లేచి కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

టెక్నీషియన్ పెట్టె పట్టుకుని రాజుగారి వైపు చూశాడు. "సార్, ఇప్పుడు పట్టీ తీస్తే ఇదంతా మళ్ళీ ఆవిడ మీదికే పోతుంది. నేను తియ్యలేను సార్."

"అల పోయాక తీద్దువుగాని," అన్నాడు రాజుగారు.

"అల పోయాక కూడా ఈ చేతులు ఇలాగే ఉంటాయి," అన్నాడు త్రివిక్రమరావు నేల మీంచే. "యంత్రం కావాలంటే ఇన్ని చేతులూ విప్పుకోవాలి. ముందు నాది విప్పండి. ఇప్పుడు నేను మీ ఉద్యోగిని కాను, చెప్పినట్టు వినాల్సిన పనీ లేదు."

టెక్నీషియన్ పెట్టె మూత వేసేశాడు.

పళ్ళెంలో ఒక కడియం మిగిలింది. అసిరమ్మ వంగి, ఆ పళ్ళేన్ని బల్ల మీద మెల్లగా అధ్యక్షుడి ముందుకి నెట్టింది.

"రాజుగోరూ, ఒకటి మిగిలినాది."

రాజుగారు దానికేసి చూశాడు. తన చొక్కా చేతి గుండీకేసి చూసుకున్నాడు. మళ్ళీ దానికేసి చూశాడు.

"తొందరేటీ నేదు బాబూ," అంది అసిరమ్మ, చినతల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటూ. "మేవిక్కడే ఉంటాం."